తవ్విన గొయ్యి పూడ్చేదెవరు?

భీమవరం, ఆకివీడు వైపు ఎవరైనా చేపల చెరువు తవ్విస్తున్నారంటే పక్కచేను రైతు ముందుగా అడిగే మాట ఒకటుంది. 'మట్టెక్కడ పోస్తారండీ?' చెరువు ఎన్నెకరాలు, ఎంత లోతు, ఏ చేప వేస్తారు... అవన్నీ తరువాతి సంగతి. మట్టి అడ్డంగా పడితే తన చేలో నీరు దిగే దారి మూసుకుపోతుంది. వానకు జారితే ఊడ్చిన నారు కాస్తా బురదలో కలిసిపోతుంది. అందుకే ఆ మాట ముందే తేల్చుకుంటాడు. ఇటుక బట్టీకి మట్టి అమ్మే లంక రైతూ అంతే. ఎంత లోతు కోస్తారో తెలుసుకోకుండా బయానా పుచ్చుకోడు.

బొగ్గు గనుల విషయంలో ఇదే ప్రశ్న చట్టం నోట రావడానికి నూరేళ్ల పైనే పట్టింది. గోదావరి లోయలో బొగ్గు ఉత్పత్తి మొదలైంది 1889లో. గని మూతపడ్డాక నేలను బాగుచేయడానికి ముందుగానే డబ్బు విడిగా దాచిపెట్టాలని మన దేశంలో బొగ్గు కంపెనీలకు నిబంధన పెట్టింది 2009లో. మధ్యన సరిగ్గా 120 ఏళ్లు!

గనులు ఎక్కడో కొత్తగూడెం, రామగుండం వైపున్నవి కదా, కాలవ గట్టున ఉన్న మనకెందుకీ గొడవ అనిపించవచ్చు. కారణాలు మూడున్నాయి. మన ఇళ్లలో వెలిగిన దీపాల్లో చాలా వాటికి చమురు పోసింది సింగరేణి బొగ్గే. ఆ గనుల దగ్గర కురిసిన వాన వాగుల్లోంచి గోదాట్లోకి, అక్కణ్నుంచి ధవళేశ్వరానికి వస్తుంది. ఇక మూడోది అన్నిటికంటే ముఖ్యం. బొగ్గు మాట ఇప్పుడు మన మెట్ట ప్రాంతం గడప దాకా వచ్చింది. దాని దగ్గరకు వెళ్లేముందు పాత కథ కొంత తెలుసుకోవాలి.

భద్రాద్రి దారిలో నల్లరాళ్లు

ఇల్లెందు ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. భద్రాచలం వెళ్లే యాత్రికులు దారిలో వంటకు దిగి, దొరికిన నల్లరాళ్లు మూడు పెట్టి పొయ్యి వెలిగించారట. కట్టెలతోపాటు రాళ్లూ మండాయట. కథ మాటెలా ఉన్నా, 1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. ఆ రోజుల్లోనే సర్వేవాళ్లు మన గోదావరి జిల్లాలోనూ వెతికారు. ఇప్పటి బుట్టాయగూడెం మండలంలో ఉన్న బెడదనూరు దగ్గర బొగ్గు పొరలు కనిపించాయి. అంటే ఈ నల్లరాయి మనకు కొత్త చుట్టమేమీ కాదు. నూటయాభై ఏళ్లుగా మన పేరు పుస్తకాల్లో ఉంది.

1886లో లండన్‌లో పుట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ నిజాం రాజ్యంలో గనుల హక్కులు సంపాదించింది. అదీ 99 ఏళ్లకు! ఆ ఒప్పందం వెనుక నడిచిన వాటాల బేరం ఎంత రచ్చయిందంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటు ఒక కమిటీ వేసి విచారించాల్సి వచ్చింది. కమిటీ తవ్వి తీసింది వాటాల లెక్కలు. భూమి లెక్క అప్పట్లో ఎవరికీ పట్టలేదు. 1920లో ఆ కంపెనీ 'సింగరేణి కాలరీస్'గా మారింది. 1945లో నిజాం ప్రభుత్వం దాన్ని చేతుల్లోకి తీసుకుంది.

అప్పటి గనులన్నీ భూగర్భ గనులే. కార్మికుల మాటలో బాయిలు. తట్టా చెమ్మస్ పట్టుకుని కిందికి దిగడం, బొగ్గు నింపి పైకి పంపడం. పైన చేను చేనులాగే ఉండేది. కిందే ప్రమాదమంతా. అందుకే 1901లో వచ్చిన మొదటి గనుల చట్టం గానీ, 1923లో దాన్ని తిరగరాసిన చట్టం గానీ, స్వాతంత్ర్యం వచ్చాక 1952లో తెచ్చిన చట్టం గానీ ముఖ్యంగా చూసుకున్నది గనిలో దిగే మనిషి ప్రాణాన్ని. అది చూడవలసిందే. కాకపోతే గని పక్కన ఉండే మనిషి, వాడి పొలం ఆ చట్టాల్లో ఎక్కడా కనబడవు.

పూడ్చడం ఇసుకతో మొదలైంది

'తవ్వితే పూడ్చాలి' అన్న ఆలోచన మన దేశంలో తొలిసారి గట్టిగా చట్టంలోకి వచ్చింది 1939లో. దాని పేరు బొగ్గు గనుల భద్రత (స్టోయింగ్) చట్టం. బొగ్గు తీసిన ఖాళీలను ఇసుకతో నింపడాన్ని స్టోయింగ్ అంటారు. అలా నింపకపోతే పైకప్పు కూలుతుంది, మిగిలిన బొగ్గు అంటుకుంటుంది. ఝరియాలో 1916 నుంచీ మంటలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ భయంతోనే ప్రభుత్వం బొగ్గు మీద సుంకం వేసి, ఆ డబ్బుతో ఇసుక నింపే ఖర్చుకు సాయం చేసింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. టన్ను బొగ్గు మీద కొంత తీసి, పూడ్చడానికి వాడటం. ఈ సూత్రమే తరువాత ప్రపంచమంతా తిరిగి రకరకాల రూపాల్లో కనిపిస్తుంది.

సింగరేణి బాయిల్లోకి ఏళ్ల తరబడి వెళ్లింది గోదావరి ఇసుకే. మన లంకలకు చేరాల్సిన ఇసుకలో కొంత భాగం ఆ చీకటి గదుల్లోనే ఉండిపోయింది. ఈమధ్య ఓపెన్‌కాస్ట్ గనుల మట్టినే జల్లించి, కడిగి, ఇసుక బదులు వాడుతున్నారు. ఏటి మీద భారం తగ్గించే పని కాబట్టి మెచ్చుకోవాలి.

విచిత్రమేమిటంటే అదే 1939లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం పైనుంచి తవ్వే బొగ్గు గనుల మీద చట్టం చేసింది. ఆ దేశంలో అటువంటి చట్టాల్లో అదే మొదటిది. మనం కింది ఖాళీ గురించి ఆలోచిస్తున్న ఏడాదే వాళ్లు పైనున్న గొయ్యి గురించి ఆలోచించడం మొదలుపెట్టారన్నమాట.

బాయి నుంచి ఓసీకి

మన దగ్గర పైనుంచి తవ్వడం పెద్ద ఎత్తున సాగింది 1970ల తరువాతే. 1973లో దేశంలో బొగ్గు గనులను జాతీయం చేశారు. సింగరేణి అప్పటికే ప్రభుత్వ కంపెనీ కాబట్టి దానికి ఆ అవసరం రాలేదు. ఆ రోజుల్లో దేశం మొత్తం బొగ్గులో ఓపెన్‌కాస్ట్ వాటా దాదాపు పావు వంతు. ఇప్పుడు తొంభై శాతం దాటిపోయింది. సింగరేణిలో కూడా ఇంచుమించు అదే తీరు. 2023-24లో ఆ కంపెనీ 7 కోట్ల టన్నుల బొగ్గు తీస్తే, అందులో భూగర్భ గనుల నుంచి వచ్చింది పదో వంతు లోపే.

ఎందుకిలా? లెక్క తేలికే. బాయిలో పైకప్పు నిలబడటానికి బొగ్గునే స్తంభాలుగా వదిలేయాలి. అందువల్ల ఉన్న దాంట్లో చాలా భాగం కిందే ఉండిపోతుంది. పైనుంచి తవ్వితే దాదాపు అంతా చేతికొస్తుంది. మనుషులు తక్కువ చాలు. కార్మికుల ప్రాణాలకూ బాయి కంటే భద్రం. 1990ల్లో సింగరేణి రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు దాకా వెళ్లి వచ్చిన కంపెనీ. ఖర్చు తగ్గే దారి ఏదైనా దానికి ముద్దే. 1990-91లో లక్షా పదహారు వేల మందికి పైగా పనిచేసిన సంస్థలో ఇప్పుడు నలభై వేల దగ్గర ఉన్నారు. తట్టా చెమ్మస్ పోయి షావెళ్లు, డంపర్లు వచ్చాయి.

కానీ భారం ఎక్కడికీ పోలేదు, చోటు మారిందంతే. బాయిలో భారమంతా మనిషి మీద. ఓసీలో నేల మీద. ఒక టన్ను బొగ్గు కావాలంటే దానిమీదున్న మట్టి, రాయి అయిదారు ఘనపు మీటర్లు తీసి పక్కన పోయాలి. లోతు పెరిగేకొద్దీ అంతకంటే ఎక్కువ. దీన్ని ఓవర్‌బర్డెన్ అంటారు, గనుల ఊళ్లలో ఓబీ. కోట్ల టన్నుల బొగ్గుకు ఎంత ఓబీయో మీరే గుణించుకోండి. మణుగూరు, సత్తుపల్లి, రామగుండం దారుల్లో వెళ్లేవారికి కనిపించే బూడిద రంగు గుట్టలు దేవుడు పెట్టినవి కావు. అన్నీ డంపర్లు పోసినవే.

ఆ గుట్ట సరిగ్గా పోయకపోతే ఏమవుతుందో 2016 డిసెంబర్ 29న జార్ఖండ్‌లోని రాజ్‌మహల్ గనిలో చూశాం. కుప్ప జారి 23 మంది చనిపోయారు. అంత ఘోరం జరగని చోట కూడా ప్రతి వానకూ కొంత మట్టి కిందికి దిగుతుంది. చేలల్లో పడుతుంది. వాగు పూడుతుంది. కొత్తగూడెం వైపు నీరు ముర్రేడులోకి, కిన్నెరసానిలోకి, అక్కణ్నుంచి గోదావరిలోకి. పై ఊళ్లో మట్టి ఎక్కడ పోశారన్నది కింది ఊరి సమస్య కూడా. ఈ సంగతి డెల్టా రైతుకు ఒకరు చెప్పాలా!

అమెరికా రాసుకున్న షరతు

పైనుంచి తవ్వే గనులకు ప్రపంచంలో చాలామంది ఉదాహరణగా చెప్పే చట్టం అమెరికాలో 1977 ఆగస్టు 3న వచ్చింది. అంత తేలిగ్గా ఏమీ రాలేదు. అమెరికా పార్లమెంటు 1974లో, 1975లో ఒప్పుకున్నా అధ్యక్షుడు ఫోర్డ్ రెండుసార్లూ ఆపేశారు. బొగ్గు ధర పెరుగుతుంది, ఉద్యోగాలు పోతాయి అన్నది వాదన. అంతకుముందు 1972లో వెస్ట్ వర్జీనియాలోని బఫెలో క్రీక్ దగ్గర గని వ్యర్థాలతో కట్టిన కట్ట తెగి 125 మంది కొట్టుకుపోయారు. జనం మరిచిపోలేదు. చివరికి కార్టర్ సంతకం చేశారు.

ఆ చట్టంలో మన రైతులకు బాగా అర్థమయ్యే షరతులు నాలుగున్నాయి. మొదటిది, తవ్వకముందే పూడ్చే పథకం రాసివ్వాలి. రెండోది, పథకం ఖర్చుకు సరిపడా హామీ సొమ్ము కట్టాలి. పని పూర్తయ్యాకే వాపసు. మూడోది, నేలను ఇంచుమించు పాత వాలుకు తేవాలి. నాలుగోది అన్నిటికంటే గొప్పది. తీసుకున్నది మంచి సాగుభూమి అయితే, పొరల వారీగా మట్టి విడిగా తీసి దాచి, తిరిగి అదే వరుసలో పరచాలి. చుట్టుపక్కల తవ్వని పొలంలో ఎంత పండుతోందో ఇక్కడా అంత పండినట్టు రుజువు చూపించాలి. అప్పటిదాకా హామీ సొమ్ము విడుదల కాదు!

దానికి తోడు పాత గనుల పాపం కడగడానికి టన్నుకు ఇంత అని రుసుము పెట్టారు. అప్పట్లో పైనుంచి తవ్విన బొగ్గుకు 35 సెంట్లు, భూగర్భ బొగ్గుకు 15 సెంట్లు. ఎవరు తవ్వి వదిలేశారో తెలియని గోతులను ఆ నిధితో బాగుచేయాలి.

ఇంత రాసుకున్నా అక్కడ అంతా సవ్యంగా జరిగిందనుకోకండి. కొండ శిఖరాలను పేల్చి బొగ్గు తీసే చోట్ల 'పాత వాలు' షరతుకు మినహాయింపులు దొరికాయి. దివాలా తీసిన కంపెనీల హామీలు కొన్నిచోట్ల ఖర్చుకు చాలలేదు. అయినా ఒక సంగతి స్థిరపడింది. నేల బాగుచేయడం దయాధర్మం కాదు, అప్పు. హామీ పెట్టి తీసుకున్న అప్పు.

మన చట్టాలు ఒక్కొక్కటీ...

మన దేశంలో ఇలాంటి ఒకే చట్టం లేదు. అడుగడుగునా ఒక్కొక్కటి చేరుతూ వచ్చింది. 1957లో రెండు ముఖ్యమైన చట్టాలు వచ్చాయి. ఒకటి గనులు, ఖనిజాల చట్టం. ఎవరికి లీజు ఇవ్వాలన్నది దాని పని. రెండోది బొగ్గున్న భూములు సేకరించే చట్టం. పేరులోనే ఉంది కదా, భూమి తీసుకోవడమే దాని పని. తిరిగి ఇవ్వడం గురించిన చింత అప్పట్లో లేదు.

1980లో అటవీ సంరక్షణ చట్టంతో గాలి మారింది. అడవి తీసుకుంటే బదులు అడవి పెంచాలన్నారు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం. దాని కింద 1994 జనవరిలో వచ్చిన నోటిఫికేషన్‌తో పెద్ద గనులకు ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి అయింది. 1997 ఏప్రిల్‌లో ప్రజాభిప్రాయ సేకరణ చేరింది. అంటే ఆ పక్కచేను రైతుకు మాట్లాడే అవకాశం చట్టప్రకారం దక్కింది అప్పుడే. 2006లో ఆ నిబంధనలను మళ్లీ రాశారు.

అదే 1997లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసు దేశం మొత్తాన్నీ కదిపింది. విశాఖ మన్యంలో అనంతగిరి వైపు గనుల లీజుల మీద సమత అనే సంస్థ పోరాడింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు చెల్లదని సుప్రీంకోర్టు జులై 11న తీర్పు చెప్పింది. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఉంది. అయితే లాభంలో కనీసం అయిదో వంతు ఆ ప్రాంతం బాగుకు పక్కన పెట్టాలంది. బెడదనూరు ఉన్న బుట్టాయగూడెం మండలం షెడ్యూల్డ్ ప్రాంతమే కాబట్టి ఈ తీర్పు మనకు దూరపు ముచ్చట కాదు.

ఇక డబ్బు సంగతి. బొగ్గు కాని ఖనిజాలకు మూసివేత హామీ 2003లో వచ్చింది. బొగ్గుకు కేంద్ర బొగ్గు శాఖ 2009 ఆగస్టులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఓపెన్‌కాస్ట్ గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయల చొప్పున, భూగర్భ గనికి లక్ష చొప్పున లెక్కగట్టి, గని ఆయుష్షు మీద విభజించి ఏటా ఎస్క్రో ఖాతాలో వేయాలి. ఎస్క్రో అంటే కంపెనీ డబ్బే, కానీ తాళం చెవి ఒక్క కంపెనీ చేతిలోనే ఉండదు. బొగ్గు కంట్రోలర్ అనుమతి లేకుండా తీయలేరు. చేసిన పని పరిశీలించి కొంత కొంత విడుదల చేస్తారు. 2013లో ఈ నిబంధనలను సవరించారు. తరువాత 2019 ఏప్రిల్ ధరలతో మొత్తాన్ని ఓపెన్‌కాస్ట్‌కు 9 లక్షలకు, భూగర్భానికి లక్షన్నరకు పెంచారు. వెయ్యి హెక్టార్ల గని, అంటే సుమారు రెండున్నర వేల ఎకరాలు అనుకుందాం. ఆ లెక్కన 90 కోట్లు. వినడానికి పెద్ద మొత్తమే. ఎకరానికి భాగిస్తే మూడున్నర లక్షల పైచిలుకు. కొన్ని వందల అడుగుల గొయ్యి నింపి, పైన సాగుకు పనికొచ్చే మట్టి పరిచి, నీరు దిగే దారి సరిచేయడానికి ఎకరానికి మూడున్నర లక్షలు చాలుతాయా? పొలం చదును చేయించిన అనుభవం ఉన్నవాళ్లు ఆలోచించండి.

2020 జనవరి 8న సుప్రీంకోర్టు మరో మాట చేర్చింది. తవ్వకం ముగిశాక పశువులకు, జీవాలకు పనికొచ్చేలా గడ్డి మళ్లీ మొలిపించాలన్న షరతు లీజుల్లోనే పెట్టాలని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 జనవరిలో వచ్చిన కొత్త మార్గదర్శకాల్లో గని మీద ఆధారపడి బతికిన ఊళ్ల సంగతి కూడా చూడాలన్న ఆలోచనకు చోటు దొరికింది. మంచిదే. ఆలస్యంగానైనా మనిషి, నేల, పశువు ఒకే కాగితం మీదికొచ్చాయి.

పచ్చదనం వేరు... సాగు వేరు

ఇంతకీ నేలను బాగుచేయడమంటే ఏమిటి? పద్ధతి ప్రకారమైతే తవ్వకానికి ముందే పైనున్న జానెడో మూరెడో సారవంతమైన మట్టిని గీకి విడిగా పెట్టాలి. అందులోనే విత్తు ప్రాణం పోసుకునే జీవమంతా ఉంటుంది. మొదట తీసిన ఓబీ బయట పోయక తప్పదు, ఎందుకంటే గొయ్యి అప్పటికి ఇంకా చిన్నది. తవ్వకం ముందుకు సాగేకొద్దీ వెనుక ఖాళీ అయిన చోట కొత్త ఓబీ పోసుకుంటూ రావాలి. బయటి గుట్టలను మెట్లుమెట్లుగా దిద్ది, చుట్టూ కాలువ తవ్వి, అడుగున రాతి గోడ కట్టి, మట్టినీటిని తేరే గుంటల్లోకి మళ్లించాలి. చివరగా పైమట్టి పరిచి, గడ్డి, పొదలు, ఆపైన చెట్లు పెంచాలి.

ఇదంతా జరిగిందా లేదా చూడటానికి ఇప్పుడు ఉపగ్రహం కూడా ఉంది. కోల్ ఇండియా గనుల్లో 2008 నుంచి ఉపగ్రహ చిత్రాలతో ఎంత పూడ్చారు, ఎంత పచ్చబడింది అని చూస్తున్నారు. అయితే ఆకాశం నుంచి చూస్తే పచ్చగా కనిపించేదంతా ఒకటే. కింద ఉన్నది త్వరగా పెరిగే తోపా, పంట పండే చేనా అన్నది నేలమీద నిలబడితేగానీ తెలియదు. గుట్ట మీద చెట్లు నాటడం తక్కువ పనేమీ కాదు, మట్టి జారకుండా ఆపుతాయి. కానీ మొక్కజొన్న వేసుకునే రైతు దగ్గర తీసుకున్న నేల మీద తోపు పెంచి 'బాగుచేశాం' అనడం, వరి అప్పు తీసుకుని కట్టెలతో తీర్చినట్టు ఉంటుంది.

సాగుకు తిరిగి ఇవ్వడం అసలు కుదిరే పనేనా? జర్మనీలో రైన్ నది ప్రాంతంలో చేసి చూపించారు. అక్కడ లిగ్నైట్ గనులున్న చోట మెత్తటి సారవంతమైన మట్టి మందంగా ఉంటుంది. దాన్ని విడిగా దాచి, గని పూడ్చాక మళ్లీ పరుస్తారు. వెంటనే రైతుకు అప్పగించరు. మొదట కొన్నేళ్లు ఆల్ఫాల్ఫా అనే పశుగ్రాసం వేస్తారు. మన జీలుగ, పిల్లిపెసరలాగా అదీ నేలలో బలం నింపే పైరే. సుమారు ఏడేళ్లు కంపెనీయే సాగు చేసి, నేల కుదురుకున్నాక రైతుకు ఇస్తుంది. అదే ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లు లేచిపోయిన బాధ ఉంది, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ నేల మట్టుకు ఓపిక, డబ్బు, పైమట్టి ఉంటే తిరిగి వస్తుందని తేలింది. ఈ మూడింట్లో మొదట పోయేది పైమట్టే. ఒకసారి ఓబీలో కలిసిపోతే ఇక వేరు చేయడం ఎవరి తరమూ కాదు.

ఎంత పూడ్చినా చివర్లో ఒక గొయ్యి మిగిలే ఉంటుంది. తీసిన బొగ్గు మేరకు ఖాళీ మిగలాలి కదా! అందులో నీరు చేరుతుంది. తూర్పు జర్మనీలో అలాంటి గోతులు పెద్ద చెరువుల వరుసగా మారాయి. మన దగ్గర రామగుండం పక్కనున్న మేడిపల్లి గనిలో నీటిని కింది నుంచి పైకి తోడి, మళ్లీ వదిలి కరెంటు తీసే పథకాన్ని సింగరేణి ప్రతిపాదించింది. ఆలోచన బాగుంది. కాకపోతే గొయ్యి చెరువు కావాలంటే గట్టు వాలు మనిషి, గొడ్డు దిగేలా దిద్దాలి. నీటి నాణ్యత చూడాలి. లేకపోతే అది చెరువు కాదు, నిండిన నుయ్యి.

చింతలపూడి ముంగిట

ఇప్పుడు మన గడప దగ్గరి సంగతి. సత్తుపల్లి నుంచి చింతలపూడి వైపు భూమి కింద బొగ్గు పొరలు సాగి ఉన్నాయని సర్వేలు చెబుతూ వచ్చాయి. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ పేరు మీద 150 కోట్ల టన్నులకు పైగా నిల్వలు లెక్కలోకి ఎక్కాయి. కేంద్రం ప్రైవేటు కంపెనీలకు కూడా బొగ్గు గనులు వేలం వేయడం మొదలుపెట్టాక, ఆ జాబితాల్లో చింతలపూడి పేరూ కనిపించింది. పొరలు చాలాచోట్ల లోతుగా ఉన్నాయి. తవ్వితే బాయి పద్ధతా, ఓసీ పద్ధతా అన్నది పొర లోతు, మందం తేలుస్తాయి. రేపే డంపర్లు దిగిపోతాయని భయపెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అడగాల్సినవి ఇప్పుడే తెలుసుకుని ఉంచుకోవాలన్నదే.

ఎందుకంటే 2022లో ఏలూరు జిల్లాలోకి వెళ్లిన ఆ చింతలపూడి మెట్ట నీరు మన పల్లానికే దిగుతుంది. తమ్మిలేరు అటునుంచే వచ్చి ఏలూరు మీదుగా కొల్లేట్లో కలుస్తుంది. జంగారెడ్డిగూడెం వైపు ఎర్రకాలువ పొంగితే ఏమవుతుందో నిడదవోలు, తాడేపల్లిగూడెం పరిసరాల రైతులకు తెలుసు. ఆ నీరు చివరికి యనమదుర్రు డ్రెయిన్‌లోకి, భీమవరం మీదుగా సముద్రానికి. మెట్టలో పోసిన మట్టి పల్లంలో తేలుతుంది.

అందుకే గని మాట ఎప్పుడు వచ్చినా ఊరివాళ్లు పట్టుబట్టి తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. అది కలెక్టరు కార్యాలయంలో, స్థానిక సంస్థల కార్యాలయాల్లో చూడటానికి దొరకాలి. సభకు కలెక్టరు గానీ, ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. అక్కడ చెప్పిన ప్రతి మాటా నమోదు కావాలి. అనుమతి వచ్చిన తరువాత ఆరు నెలలకోసారి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్న హక్కులే. అడిగిన ఊరికి దక్కుతాయి.

ఆ సభకు వెళితే నష్టపరిహారం గురించి, ఉద్యోగాల గురించి ఎలాగూ అందరూ అడుగుతారు. అడగాలి కూడా. వాటితోపాటు ఇంకో అయిదు ప్రశ్నలు రాసి పెట్టుకోండి. పైమట్టి ఎక్కడ దాస్తారు, ఎన్నేళ్లు? బయటి గుట్ట ఏ సర్వే నంబర్లలో వస్తుంది, దాని నీరు ఏ వాగులోకి? ఎన్నో ఏడాది నుంచి వెనక్కి పూడుస్తారు? ఎస్క్రోలో ఏటా ఎంత వేస్తారు, ఆ లెక్క పంచాయతీకి చూపిస్తారా? పూడ్చిన నేల సాగుకు వస్తుందా, తోపుకా... వస్తే ఎవరికి?

ముఖ్యంగా ఆ చివరి ప్రశ్నకు జవాబు రాతలో తీసుకోండి. గని ఆయుష్షు పాతికేళ్లో ముప్పయ్యేళ్లో. ఇవాళ సంతకం పెట్టే రైతు అప్పటికి పొలం గట్టున నిలబడే వయసులో ఉండకపోవచ్చు. ఆయన మనవడు కాగితం పట్టుకుని వెళ్లి అడగాలంటే, ఆ కాగితం మీద ఈ మాట ఉండాలి.